తడి ఆరని తలుపు

రంగుల మేస్త్రి తను వేసిన రంగులోనే తను తప్పిపోయాడు. ఆ భవనంలో వాళ్లు ఈ మాట నవ్వుతూ చెప్పుకునేవారు. మేస్త్రి భార్య నవ్వలేకా ఏడవలేకా ఊరుకునేది, ఎందుకంటే అందులో అబద్ధం ఏమీ లేదు.

నాలుగంతస్తుల ఆ భవనం కట్టిన కొత్తలో తలుపులకీ, నడవాలకీ రంగు వేసింది ఆయనే. కట్టించినాయన ఒకే రంగు డబ్బాలు లారీ నిండా తెప్పించి పడేశాడు. ఉప్పూకారం లేని పాలమీగడ రంగు. "ఇంత భవనానికీ ఒకటే రంగేంటండీ, ఆస్పత్రిలా ఉంటుంది," అని మేస్త్రి గొణిగితే, "నువ్వు వెయ్యవయ్యా బాబూ, ఉండేది నువ్వా?" అన్నాడట. తీరా చూస్తే ఉండేది ఆయనే అయింది. పని పూర్తయ్యాక మూడో అంతస్తులో ఒక వాటా తీసుకుని, కొత్తగా పెళ్లాడిన మనిషిని తెచ్చి అందులోనే కాపురం పెట్టాడు.

ఆ మనిషికి ఇప్పుడు జుట్టంతా నెరిసింది. ఇరుగుపొరుగుకి ఆవిడ పిన్నిగారు. మేస్త్రికి మాత్రం పిట్ట. పిట్టలా తింటుందనీ, పిట్టలా సన్నగా మాట్లాడుతుందనీ పెళ్లయిన వారంలోనే పెట్టిన పేరు. పిల్లలు కలగలేదు. కలగని పిల్లల మీద చూపించాల్సిన ముద్దూ కోపమూ అన్నీ ఆయన గోడల మీద చూపించేవాడు. లప్పం పెట్టిన గోడని అరచేత్తో నిమిరి, ఎక్కడ గరుకు తగిలినా మళ్లీ ఉప్పుకాగితం తియ్యమనేవాడు. తార్పీను నూనె వాసన లేకుండా ఆయన ఇంటికొచ్చిన రోజు లేదు. ఆ వాసన మెట్ల మీద వినిపిస్తుందని పిట్ట అనేది. "వాసన వినపడటమేంటే?" అని ఆయన వెక్కిరించేవాడు. నిజంగానే వినపడేది ఆవిడకి.

పని దగ్గర ఆయనకి ఒకటే చాదస్తం. రంగు వేసిన చోట ఎవరైనా చెయ్యి పెడితే ప్రాణం మీదికొచ్చినట్టు అరిచేవాడు. కొత్త రంగు వేసిన గదిలో తను కూడా రెండు చేతులూ వెనక్కి కట్టుకునే తిరిగేవాడు. "మెరుస్తోందంటే తడిగా ఉందని. తడిగా ఉన్నదాన్ని ముట్టుకున్నవాడు రంగులవాడు కాదు," అని కూలీలకి పాఠంలా చెప్పేవాడు.

జబ్బు వచ్చినప్పుడు ముందు మాటలు పోయాయి. కుంచె అనడానికి "అదే, అది, జుట్టున్నది" అనేవాడు. వయసు మీద పడితే ఎవరికైనా వచ్చేదేలే అనుకుంది పిట్ట. ఆ తరవాత దారి పోయింది. పాలు తేవడానికి వెళ్లినవాడు తిరిగొచ్చి రెండో అంతస్తులో టైలరమ్మ తలుపు కొట్టాడు. ఆవిడ తీస్తే, "ఎవరమ్మా మీరు? మా ఇంట్లో ఏం చేస్తున్నారు?" అన్నాడు. టైలరమ్మ నోరు ఊరుకునే నోరు కాదు. "మీ లాగు కుడుతున్నాను బాబాయిగారూ, రేపిస్తానన్నానుగా," అని, చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చి అప్పగించింది. అప్పగించి మెట్లు దిగుతూ కళ్లు తుడుచుకుంది.

అందరూ టైలరమ్మలు కారు కదా. ఒక వాటాలో తలుపు దగ్గరగా వేసి ఉంటే మేస్త్రి నేరుగా లోపలికెళ్లి, ఉయ్యాలలో పసిబిడ్డ పక్కన కూర్చున్నాడు. స్నానం చేసి వచ్చిన ఆ తల్లి కెవ్వుమంది. ఆ కేకకి ఆయనే ఎక్కువ భయపడి మంచం కింద దూరాడు. ఇంకొకరింట్లో చెప్పులు విప్పి, దుప్పటి కప్పుకుని నిద్రపోయాడు. భవనం సంఘం సెక్రటరీ చెడ్డవాడేమీ కాదు. అయినా నలుగురూ కలిసి తన మీద పడేసరికి పిట్ట దగ్గరికొచ్చాడు.

"పిన్నిగారూ, నాకు మాత్రం సరదానా చెప్పండి? మీరు తాళం వేసుకోండి, లేదంటే మంచి చోటు చూసి చేర్పించండి."

తాళం కూడా వేసి చూసింది పిట్ట. లోపల కాలుగాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి రెండు చేతులతో తలుపు బాదేవాడు. "ఎవరో నన్ను లోపల పెట్టేశారు, మా ఆవిడకి కబురు పంపండి," అని కేకలు పెట్టేవాడు. ఆ మా ఆవిడ పక్కనే నిలబడి, తాళంచెవి గుప్పిట్లో పట్టుకుని ఉండేది. రెండో రోజే ఆ తాళం తీసి చెత్తబుట్టలో వేసింది.

మేస్త్రి తమ్ముడు నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. అన్నంటే ప్రాణం, వదినంటే చనువు. వచ్చి కూర్చుని, టీ గ్లాసు ఊదుకుంటూ అన్నాడు:

"వదినా, నే చెప్పేది విను. ఊరి చివర అలాంటి వాళ్లని చూసుకునే హోమ్ ఉంది. శుభ్రంగా ఉంది, నేను చూసొచ్చాను."

"ఆయన్ని అక్కడ చేర్పిస్తే, నన్నెక్కడ చేర్పిస్తావయ్యా?"

"నీకేం వదినా, రాయిలా ఉన్నావు."

"రాయినే. అందుకే అంటున్నాను, కదపకు."

మరిది నవ్వాడు గానీ గ్లాసు కింద పెట్టేశాడు. చివరికి సంఘం సమావేశంలో ఒక మాట అనుకున్నారు. ఎండాకాలం అయ్యేదాకా చూద్దాం. ఇంకొకరి తలుపు కొట్టకుండా, వీధిన పడకుండా, మేస్త్రి తనంతట తను తన ఇంటికి చేరుకుంటూ ఉంటే సరే. లేదంటే హోమే గతి. పిట్ట తలాడించింది. ఆ రోజు నుంచి ఆవిడ ప్రాణమంతా ఆ ఒక్క తలుపు మీదే.

అప్పుడే వచ్చింది ఆ అమ్మాయి. ఇళ్లు, వీధులు ఎలా ఉండాలో గీసే చదువు చదివింది. ఆ పైన మెదడు ఎలా పనిచేస్తుందో కూడా చదివింది. పాత భవనాలని మనుషులకి అనుకూలంగా మార్చే పని మీద నగరం వాళ్లు పంపారు. టైలరమ్మ ఆ అమ్మాయికి మెదడు ఇంజనీరు అని పేరు పెట్టింది. "మన భవనానికొచ్చిందంటే పాపం, పని దొరకదు," అని కూడా అంది.

ఆ అమ్మాయి వింతగానే ఉండేది. నడవాలో నేల మీద కూర్చుని గంటలు గంటలు చూసేది. మణికట్టుకి గడియారం లాంటిదొకటి కట్టి, మెట్లెక్కి రమ్మనేది. గుండె ఎక్కడ దడదడమంటుందో అది చెప్పేస్తుందట. "మా ఆయన గొంతు వినిపించే చోట," అని టైలరమ్మ అంటే, పడీపడీ నవ్వి, "అది మార్చడం నా చేతిలో లేదండీ," అంది.

పిట్టకి ఆ నవ్వు నచ్చింది. వంటగదిలోకి పిలిచి టీ ఇచ్చింది. ఎవరితోనూ నాలుగు మాటలు మాట్లాడని మనిషి, ఆ పిల్లతో మేస్త్రి సంగతంతా చెప్పుకుంది.

"పిన్నిగారూ, మన మెదడులో, చెవులకి లోపలివైపు, వేలెడంత ముక్క ఒకటి ఉంటుంది. దారులు దాచిపెట్టుకునేది అదే. బాబాయిగారికి జబ్బు ముందు తగులుకున్నది దానికే."

"మందు లేదా అమ్మా?"

"పోయింది తెచ్చేది లేదు. కానీ అది ఒట్టిచేతులతో పనిచెయ్యదండీ. పట్టుకోడానికి బయట ఏదో ఒకటి ఉండాలి. ఒక కిటికీ, ఒక మలుపు, ఒక వాసన. మీ నడవాలో ఏముంది పట్టుకోడానికి? పైనా కిందా అటూ ఇటూ ఒకటే రంగు, ఒకటే తలుపు. గట్టి మెదడున్న నేనే మొన్న మీ ఇల్లనుకుని పక్కింటి గంట కొట్టాను."

"నున్నటి గోడ మీద తీగ పాకదు, అంతేగా."

"అంతే. ఇంకోటి. నడవా చివర గోడ వస్తే వెనక్కి తిరగాలని మనకి తెలుస్తుంది. ఆయనకి మాత్రం దారి అక్కడ చచ్చిపోతుంది. భయమేస్తుంది. భయమేస్తే చేతికందిన తలుపు కొడతాడు. అది పిచ్చి కాదు పిన్నిగారూ. మీరైనా నేనైనా అదే చేస్తాం."

అది పిచ్చి కాదు. ఆ మాట కోసం పిట్ట ఎన్నాళ్లుగా మొహం వాచి ఉందో ఆ పిల్లకి తెలియదు. గ్లాసులు కడిగే నెపంతో అటు తిరిగి నిలబడింది.

పని మొదలైంది. మూడో అంతస్తులో రెండు నడవాలుండేవి, మధ్యలో మెట్లు. రెండు చివర్లా పనికిరాని సామాన్ల గదులు. వాటి గోడలు పడగొట్టి నడవాలని కలిపేశారు. ఇప్పుడు నడక ఎక్కడా ఆగదు. ఎటు బయలుదేరినా చుట్టూ తిరిగి మొదలుపెట్టిన చోటికే వస్తుంది. చివర్లలో కిటికీలు పెట్టారు. పొద్దుటి ఎండ ఒక మలుపులో పడితే సాయంత్రపు ఎండ ఇంకో మలుపులో పడేది. ఒక మలుపులో చెయ్యి ఆనడానికి గరుకు ఇటుక గోడ, ఒక మలుపులో పుదీనా కుండీలు, కిటికీ కింద కూర్చోడానికి బల్ల. కళ్లు పొడిచే తెల్ల దీపాలు తీసేసి, పొద్దుపోయే వేళకి మెల్లగా పసుపుపచ్చగా మారే దీపాలు పెట్టారు. "ఉన్న గోడలు పడగొట్టడానికి అంత చదువెందుకో," అని సెక్రటరీ సణిగాడు. నెల తిరక్కుండా సాయంత్రమైతే ఆ బల్ల మీద ఆయనే కూర్చునేవాడు.

తలుపుల రంగుల దగ్గర పెద్ద రభసే జరిగింది. ఇద్దరు తోడికోడళ్లు ఒకే ఆకుపచ్చ కోసం మాటలు మానేశారు. పిట్టని అడిగితే ఒక్క క్షణం ఆలోచించకుండా నీలం అంది. 

"బాబాయిగారికి ఇష్టమా?"

"ఎవరింటికైనా నీలం వేసొచ్చిన రోజు ఈల వేసుకుంటూ మెట్లెక్కేవాడమ్మా."

దూరం నుంచే కనబడాలని పిట్ట అడిగితే మంచి మెరుపు ఉన్న ఎనామిల్ రంగు వేయించారు. రెండు కోటింగులు పడ్డాక అందులో మొహం చూసుకోవచ్చు. పిట్ట చూసుకుంది కూడా. చాలా రోజుల తరవాత తన మొహం తనకి కాస్త తేటగా కనిపించింది.

తలుపు బాగా ఆరిపోయాక, ఒక పొద్దున మేస్త్రిని బల్ల దగ్గర కూర్చోబెట్టి, అందరూ ఎవరి గుమ్మంలో వాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆయన లేచాడు. ఇటుక గోడ మీద చెయ్యి రాస్తూ నడిచాడు. పుదీనా దగ్గర ఆగి వాసన చూశాడు. ఏ తలుపూ కొట్టలేదు. నీలం తలుపు దగ్గరికొచ్చి ఆగాడు. మొహం విప్పారింది. లోపల పిట్ట గడియ మీద చెయ్యి వేసి, కళ్లలో వత్తులు వేసుకుని ఎదురుచూస్తోంది. ఆయన చేతులు రెండూ వెనక్కి కట్టుకున్నాడు. తల పక్కకి వంచి తలుపు మీద వెలుతురు చూశాడు. బాగుంది అన్నట్టు తలాడించి, ముందుకి వెళ్లిపోయాడు. మళ్లీ ఒక చుట్టు తిరిగొచ్చాడు. మళ్లీ అలాగే ఆగి, అలాగే చూసి, ఈసారి ఎవరూ తేరుకునేలోపే మెట్లు దిగి వీధిలోకి వెళ్లిపోయాడు.

మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద దొరికాడు. చెప్పులు లేవు, పాదాలు బొబ్బలెక్కాయి. మరిది భుజం మీద వేసుకుని తెచ్చాడు. మర్నాడు అదే తంతు. ఆ మర్నాడూ అంతే. మెదడు ఇంజనీరు మొహంలో నెత్తురుచుక్క లేదు. "ఆగుతున్నాడు కదండీ. గుర్తుపడుతున్నాడు కదండీ. ఎందుకు ముట్టుకోడు?" అని తలుపు చుట్టూ తిరిగేది. తలుపు తీసి ఉంచితేనో? అదీ చేశారు. తెరిచిన తలుపుని చూసి ఇంకా దూరంగా, అంచు తగలకుండా ఒళ్లు కుదించుకుని దాటిపోయాడు.

ఎండలు తగ్గుముఖం పట్టాయి. మరిది వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"వదినా, గోడలు మార్చారు. దీపాలు మార్చారు. మా అన్నని ఎవరూ మార్చలేరు. ఏదో ఒక రోజు లారీ కింద పడితే అప్పుడేం చేస్తావు?"

పిట్ట లేచి, మేస్త్రి చొక్కాలు మడతపెట్టి సంచిలో సర్దడం మొదలుపెట్టింది. మరిది గోడకేసి తిరిగి భుజాలు ఎగిసిపడేలా ఏడ్చాడు. అంత పెద్ద మోటార్లు ఎత్తే మనిషి.

మేస్త్రిని హోమ్‌కి తీసుకెళ్లాల్సిన రోజుకి ముందు రోజు, టైలరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని పైకి తీసుకొచ్చింది. ఆయన్ని బల్ల మీద కూర్చోబెట్టి, పిట్ట దగ్గరికి వచ్చింది.

"పిన్నిగారూ, బాబాయిగారు మెట్లు దిగుతుంటే ఆపి అడిగాను. ఇంటికెళ్లకుండా ఇటెక్కడికండీ అని. ఏమన్నారో తెలుసా? ఇంటికే వెళ్లానమ్మా, తలుపు ఇంకా తడిగా ఉంది, ఆరాక వెళ్తాను అన్నారు."

పిట్ట చేతిలో చొక్కా జారిపోయింది. ఇన్నాళ్లూ ఆయన ఇంటికి వస్తూనే ఉన్నాడు. వచ్చి, తలుపు పాడవుతుందని వెనక్కి వెళ్తున్నాడు. ఇల్లు, వీధి, మాటలు, మనుషులు అన్నీ జారిపోయిన ఆ తలలో, తడి రంగు మీద చెయ్యి వెయ్యకూడదన్న ఒక్కటి మాత్రం బిగుసుకుని కూర్చుంది.

మంచం కింద ఆయన సామాన్ల మూట ఉంది. అందులోంచి ఉప్పుకాగితం తీసి, కొంగు దోపుకుని, పిట్ట తలుపు రుద్దడం మొదలుపెట్టింది. మెరుపంతా పోవాలి. నీలం పొడి చేతులకీ, కనుబొమ్మలకీ పట్టింది. టైలరమ్మ కబురు పెడితే మెదడు ఇంజనీరు పరిగెత్తుకొచ్చింది, విషయం విని మెట్ల మీదే కూలబడి, నవ్వుతోందో ఏడుస్తోందో తెలియకుండా మొహం మోకాళ్లలో పెట్టుకుంది. "మెరుపు కళ్లని పట్టుకుంటుందని నేనే సరేనన్నాను పిన్నిగారూ." "నేనే కదమ్మా కోరింది," అంది పిట్ట, రుద్దడం ఆపకుండా.

వెనకాల అడుగుల చప్పుడైంది. మేస్త్రి చుట్టు తిరిగి వచ్చి నిలబడ్డాడు. కాసేపు చూశాడు. చూడలేకపోయాడు.

"అలా కాదమ్మా, అలా గుండ్రంగా రుద్దకూడదు. గీతలు పడతాయి. ఇటివ్వండి."

కాగితం అందుకుని, మడిచి, పైనుంచి కిందకి ఒకే ఊపులో రుద్దాడు. ఏళ్ల తరబడి చేసిన చెయ్యి, ఎక్కడా తడుముకోలేదు. మధ్యమధ్య అరచేత్తో నిమిరి చూసుకున్నాడు. తలుపంతా మబ్బు పట్టిన ఆకాశంలా మెత్తబడింది. పూర్తయ్యాక చేతులు దులుపుకుని, మర్యాదగా ఒక అడుగు వెనక్కి వేసి అడిగాడు:

"లోపల గదులు కూడా ఉన్నాయా అమ్మా?"

పెళ్లయినప్పటి నుంచి ఈ రోజుదాకా ఆయన తనని "అమ్మా" అనడం, "మీరు" అనడం పిట్ట వినలేదు. వెనకాల మెట్ల మీద ఇద్దరు చూస్తున్నారు. 

"ఉన్నాయి మేస్త్రీ గారూ," అంది. "రండి."

ఆయన చెప్పులు గుమ్మం బయట విప్పి లోపలికి వచ్చాడు. తన ఇంట్లో తనే పనివాడిలా, గోడలు తట్టి చూస్తూ తిరిగాడు. టీ ఇస్తే నేల మీద కూర్చుని తాగాడు. సాయంత్రం దీపాలు పచ్చబడ్డాక లేచాడు. 

"వెళ్లొస్తానమ్మా. మా పిట్ట ఒక్కతే ఉంటుంది. చీకటి పడితే బెంగపడుతుంది."

ఆపితే గొడవ. పంపితే భయం. పిట్ట తలుపు తీసి పట్టుకుంది. ఆయన నడిచాడు. కిటికీ, ఇటుక గోడ, పుదీనా. నడవా చుట్టూ తిరిగి వచ్చి నీలం తలుపు ముందు ఆగి, వేళ్లతో తట్టాడు.

"పిట్టా, తలుపు తియ్యవే."

పిట్ట తీసింది. "వచ్చారా?" అంది.

అలా ఇల్లు నిలబడింది. సర్దిన సంచి విప్పేశారు. ఎండాకాలం చివర సంఘం వాళ్లు కూర్చుని, మేస్త్రి ఎవరి తలుపూ కొట్టడం లేదని అందరూ ఒప్పుకున్నారు. వేరే ఊళ్ల నుంచి కూడా మనుషులు వచ్చి నడవా చూసి, ఫొటోలు తీసుకుని, మెదడు ఇంజనీరు చెయ్యి పట్టుకుని ఊపి మరీ మెచ్చుకుని వెళ్లారు. కొన్నాళ్లకి ఆ పిల్ల ఇంకో ఊళ్లో ఇంకో భవనం పని మీద వెళ్లింది. వెళ్లేముందు పిట్ట ఆ పిల్లకి ఒక సంగతి చెప్పింది.

"నీ నడవా ఆయన్ని ఇంటికి తెచ్చిందమ్మా, నీకు పుణ్యముంటుంది. కాకపోతే రోజూ పొద్దున నేను ఆయనకి పరాయి ఇల్లాలిని. ఒక చుట్టు తిరిగొస్తే పెళ్లాన్ని."

"ఆ చుట్టు తీసెయ్యమంటారా?" అని అడిగింది ఆ పిల్ల.

"అయ్యో, వద్దు. అదొక్కటే కదా నాకు మిగిలింది."

ఏడాది దాటి అలా నడిచింది. పగలంతా ఇంటావిడగా పని చెప్పేది. ఈ మూల చూడండి మేస్త్రీ గారూ, ఆ కిటికీ చూడండి. ఎండిన కుంచెతో ఆయన కిటికీ చట్రం మీద ఒట్టి రంగు వేసేవాడు. సాయంత్రం ఆయన బయలుదేరగానే గబగబా మొహం కడుక్కుని, తల దువ్వుకుని, తలుపు వెనక నిలబడేది. కొత్త పెళ్లికూతురు కూడా అంతగా ఎదురుచూసి ఉండదు.

ఒక సాయంత్రం ఆవిడకి ఉబలాటం ఆగలేదు.

"ఏమండీ, మీరు పని చేస్తున్న ఇంటావిడ ఎలా ఉంటుంది?"

"ఎలా ఉండటమేంటి? ముసలావిడ."

"బాగుంటుందా?"

"నీ అంత బాగుండదులే. ఏమే, అసూయా?" అని నవ్వాడు. తరవాత నవ్వు తగ్గించి, గొంతు కూడా తగ్గించి అన్నాడు: "మంచావిడ, పాపం. వాళ్లాయన ఎప్పుడూ కనపడడు. ఉన్నాడో లేడో. అడిగితే బాగుండదని అడగలేదు. రేపు పనయ్యాక కాసేపు కూర్చుని వస్తానే, ఏమీ అనుకోకు."

"అనుకోను, కూర్చోండి," అంది పిట్ట. వంటగదిలోకి వెళ్లి కుళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడులో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మర్నాడు ఆయన నిజంగానే కూర్చున్నాడు. ఇద్దరూ గోడకేసి చూస్తూ టీ తాగారు. వెళ్లేటప్పుడు, "ధైర్యంగా ఉండండమ్మా," అని చెప్పి వెళ్లాడు.

వానలు పట్టాక ఒక ఉదయం స్నానాల గదిలో కాలు జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రి నుంచి చక్రాల కుర్చీలో తిరిగొచ్చాడు, లేచి నడిచే ఆశ లేదన్నారు. మాట ఇంకా పలచబడింది. అయినా దీపాలు పచ్చబడే వేళకి మాత్రం కుర్చీ చేతుల మీద వేళ్లు కదిలేవి. "వెళ్లాలమ్మా. పిట్ట ఒక్కతే." మొదట్లో టైలరమ్మ వచ్చి కుర్చీ తోసుకుంటూ ఒక చుట్టు తిప్పేది, లోపల నుంచి పిట్ట తలుపు తీసేది. ఆ సాయంత్రాలు బాగానే గడిచాయి. తరవాత టైలరమ్మకి కుట్టుపని మీద పడింది. చేతినిండా పనున్న మనిషిని రోజూ పిలవడానికి పిట్టకి నోరు రాలేదు. 

అందుకని ఒక సాయంత్రం తనే కుర్చీ తోసుకుంటూ బయలుదేరింది. 

కిటికీ మీద వాన జారుతోంది. ఆయన ఇటుక గోడ వైపు చెయ్యి చాచాడు, అందేలా కుర్చీ దగ్గరగా జరిపింది. పుదీనా దగ్గర ఆపింది. నీలం తలుపు కనబడగానే ఆయన మెడ నిలబెట్టాడు.

"నెమ్మదిగా తొయ్యమ్మా. దాటిపోతాం. ఇదే, ఇదే మా ఇల్లు."

"ఇదేనండీ."

"కొట్టమ్మా. లోపలే ఉంటుంది."

అప్పుడు తెలిసింది పిట్టకి, ఇంట్లో ఎవరూ లేరని. కుర్చీ తోసేదీ తనే, తలుపు తియ్యాల్సిందీ తనే. అయినా చెయ్యెత్తి తన తలుపు తనే కొట్టింది. ఇద్దరూ విన్నారు.

"వినపడలేదేమో. ఇంకోసారి కొట్టు."

ఇంకోసారి కొట్టింది. ఆయన మొహం చూసి, "ఒక్క నిమిషం ఉండండి, నేను వెళ్లి పిలుస్తాను," అని చక్రానికి అడ్డు వేసి, లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. చెంపలు తుడుచుకుంది. జుట్టు సవరించుకుంది. ఆయన తడతాడేమోనని చెవి ఒగ్గి నిలబడింది. బయట వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. తలుపు తీసింది.

"వచ్చారా?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తరవాత ఆమె పక్కనుంచి లోపలికి, ఖాళీ గదిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"పిట్ట లేదా అమ్మా?" అన్నాడు. "ఎవరూ లేనట్టున్నారు. పోదాం పదండి. మళ్లీ వద్దాం."

పిట్ట బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, చక్రం అడ్డు తీసింది.

"పోదాం మేస్త్రీ గారూ," అంది.